నీడలో ఆగినవాళ్లను చూడని దీపం

నాగశ్రీని గురించి ప్రొద్దుటూరులో చెప్పుకునే మాటల్లో చాలావరకు తప్పులు. జమ్మలమడుగు దారిలోని సిగ్నలు దీపాలను ఆమె బంగారు అంగళ్లవారి కార్లు ఆగకుండా పోయేటట్లు అమర్చిందని కొందరంటారు. ఆ దీపాలను బెంగళూరులో ఎవరో చల్లని గదిలో కూర్చుని నడుపుతారని, ఆమె ఇక్కడ ఊరికే జీతం తీసుకుందని బస్సు కండక్టర్లు చెప్పుకుంటారు. హోంగార్డు హుమాయున్ చేసిన తప్పును ఆమె జాలిపడి తన నెత్తిన వేసుకుందన్నది మూడో మాట; ఇది చెప్పేవారు ఆమెను మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. ఆమెతో చదివినవారు పులివెందులలో ఒక సభ పెట్టి, శాలువా కప్పి, ఈ పద్ధతిని కనిపెట్టినది ఆమేనన్నారు. కాదని ఆమె వేదిక మీదనే చెప్పింది. చప్పట్ల మధ్య ఆ మాట ఎవరికీ వినిపించలేదు.

వీటిలో దేనికీ ఆధారం లేదు. మూడోదానికి కొంత నిజం అంటుకుని ఉంది కాబట్టి అదే ఎక్కువ ప్రమాదకరమైనది. సంబంధించినవారు ఇప్పటికీ ఈ ప్రాంతంలోనే ఉన్నారు. వారు వేర్వేరుగా చెప్పినవి ఎక్కడ కలిశాయో అక్కడి వరకే ఇక్కడ రాస్తున్నాను. కలవనిచోట ఆ సంగతి కూడా చెబుతాను.

నాగశ్రీ తండ్రి పద్మనాభయ్య ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాడు. తల్లి సొంతూరు చాపాడు. దసరా సెలవుల్లో అక్కడికి వెళ్లినప్పుడు కాలువగట్టు మీద కూర్చోవడం నాగశ్రీకి ఇష్టంగా ఉండేది. తూము దగ్గర నీటి గేటు చూసుకునే లస్కరు తన ముందున్న నీటిని చూసి గేటు ఎత్తేవాడు. కింది తూము మనిషికి ఒక కేక వేసేవాడు. దాన్ని అందుకున్నవాడు తన కిందివాడికి మరో కేక వేసేవాడు. కాలువ మొత్తం ఏ ఒక్కరి కంటికీ కనపడేది కాదు. అయినా నీరు చేరవలసిన మడికి చేరేది. వరిచేల మీదుగా పలచబడుతూ దూరమైపోయే ఆ కేకలను వింటూ, మేలుకున్నానో నిద్రపోయానో తెలియకుండా గడిపిన సాయంత్రాలు ఉన్నాయని ఆమె నాతో చెప్పింది. పెద్దయ్యాక చదివిన లెక్కలకు ఆ కేకలే మూలమా అని అడిగాను.

"ఏమో సార్. అట్లా చెప్పుకుంటే బాగుంటాది గానీ, నిజమో కాదో నాకే తెలీదు," అంది.

ఆ జవాబు నాకు నచ్చింది.

ఆమె పులివెందులలో ఇంజనీరింగు చదివి, కొన్నేళ్లు బెంగళూరులో పనిచేసి, తిరిగి వచ్చింది. రావడానికి గొప్ప కారణమేదీ చెప్పదు. ఇక్కడ పని దొరికింది, వచ్చింది. ఆ పని ఇది: జమ్మలమడుగు నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో వరుసగా ఉన్న మూడు కూడళ్లకు, ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడకుండా తమంత తామే నిర్ణయించుకునే దీపాలు అమర్చడం. కూడలిలో ప్రతి దారికీ ఎదురుగా స్తంభం మీద ఒక కెమెరా, కింద తాళం వేసిన పెట్టెలో ఒక చిన్న కంప్యూటరు. తెల్ల గీత వెనుక ఆగిన బండ్లను కెమెరా చూస్తుంది. ఏ వైపు ఎక్కువ బండ్లు ఎక్కువసేపు నిలిచాయో ఆ వైపుకు పచ్చదీపం వస్తుంది. బండ్లు ఎన్నుంటే పచ్చ అంతసేపు ఉంటుంది. ఇన్ని బండ్లు వస్తున్నాయని పక్క కూడలికి ముందుగానే కబురు వెళుతుంది. పక్క కూడలి తన ముందున్న రద్దీని చూసుకుని తన నిర్ణయం తాను చేసుకుంటుంది. మూడింటికీ కలిపి పెత్తనం చేసేది ఏదీ లేదు. ఇటువంటివి వేరే దేశాల నగరాల్లో ముందే ఉన్నాయి. నాగశ్రీ వాటిని ప్రొద్దుటూరు కొలతకు కుట్టింది, అంతే.

మొదటి చలికాలమంతా అవి చక్కగా నడిచాయి. వేకువన మంచు ఇంకా రోడ్డు మీద పాకుతుండగా పాలవ్యాను ఒకటి మొదటి కూడలికి వచ్చేది. దీపం దాన్ని చూసి పచ్చబడేది, రెండోది అప్పటికే కబురు అంది పచ్చగా ఉండేది, మూడోది కూడా. మంచులో వ్యాను కనపడేది కాదు. పచ్చదనం మాత్రమే ఒక కూడలి నుంచి మరో కూడలికి నడిచివెళ్లినట్లు ఉండేది. నాగశ్రీ తమ మేడ మీద నిలబడి చూసేది. తాను చేసిన పని అని కాక, ఎవరో తనకు చూపిస్తున్న కలలా ఉండేదట అది.

ఎండలు ముదిరాక మొదటి కూడలి చెడింది.

పొద్దున బాగుండేది. సాయంత్రం బాగుండేది. నడిమధ్యాహ్నం మాత్రం జమ్మలమడుగు వైపు దారికి పచ్చదీపం రావడమే గగనమయ్యేది. వచ్చినా వెంటనే పోయేది. బండ్లు ఎర్రదీపంలోనే తోసుకుపోయేవి. ఒక్క బస్సు వస్తోందని కబురు అందుకున్న రెండో కూడలి మీద స్కూటర్ల దండు విరుచుకుపడేది. దీపాలు అమర్చిన కంపెనీ నుంచి తనిఖీకి వచ్చినవారు ఎండకు భయపడి పొద్దున్నే వచ్చేవారు. అంతా బాగుందని చూసి వెళ్లేవారు.

ఆ కూడలిలో మధ్యాహ్నపు డ్యూటీ హోంగార్డు హుమాయున్‌ది. అవసరమైతే దీపాలను చేత్తో నడపడానికి పెట్టె తాళంచెవి అతని దగ్గర ఉండేది. దీపాలు సరిగా పనిచేస్తే కూడలిలో మనిషితో పనేముందని అతను ఒకటి రెండుసార్లు టీ అంగడి దగ్గర నవ్వుతూ అన్నమాట కూడా నిజం. ఆ కంపెనీ తరఫున ఇక్కడ పని చూసే శరత్ చంద్ర ఈ మూడింటినీ కలిపి ఒక తీర్పు తయారుచేశాడు.

"చూడండి మేడమ్, పొద్దున బాగుండాది, సాయంత్రం బాగుండాది. ఆయప్ప టోపీ పెట్టుకోని వచ్చేసరికే దీపానికి జరమొస్తాంది," అన్నాడు నాగశ్రీతో.

"పెట్టె తెరిచినట్లు ఏమన్నా కనపడిందా?"

"తాళంచెవి ఆయప్ప జేబులో ఉంటాది గదా. కాయలు పొయ్యేదేమో ఒగని కాపలాలోనే, ఇంగ దొంగను యాడ ఎతకాల?"

అతను దుర్మార్గుడు కాడు. తన కంటికి కనపడినదాన్ని నమ్మాడు. తకరారు మధ్యాహ్నం పూటనే వస్తోందని నాగశ్రీ చేత ఒక కాగితం రాయించుకున్నాడు. అందులో ఆమె రాసినది నిజం. హుమాయున్ పేరు ఆమె ఎత్తలేదు. ఆ కాగితం దేనికి పనికొస్తుందో తెలిసి కూడా, అతను కాదని ఆమె చెప్పలేదు. ఈ సంగతిని ఆమె మంచిని చెప్పేవారు విడిచిపెడతారు, నేను విడిచిపెట్టను.

హుమాయున్‌ను ఇంటి దగ్గర ఉండమన్నారు. అతన్ని విధుల్లోంచి పూర్తిగా తీసివేసే విషయం సోమవారం తేలుస్తామన్నారు.

అతను డ్యూటీకి రాని మొదటిరోజే మధ్యాహ్నం దీపం బాగుపడింది. మర్నాడూ బాగుంది. ఇంకేం కావాలని శరత్ చంద్ర అన్నాడు. నాగశ్రీకి కూడా అదే నిజమనిపించింది. ఆ రోజుల్లో ఆకాశం నిండా వేసవి మబ్బు కమ్ముకుని, ముద్దనూరు వైపు నుంచి తడిమట్టి వాసనతో గాలి వస్తోందని, ఊరంతా అరుగుల మీదికి వచ్చి కూర్చుందని అందరికీ తెలుసు. దానికీ దీపానికీ ముడిపెట్టవలసిన అవసరం ఎవరికీ కనపడలేదు.

శనివారం హుమాయున్ భార్య మాబున్ని నాగశ్రీ ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడింది.

"మేడమ్, మా ఆయప్ప మీ దీపాన్ని చెడగొడతాడా? ఇంట్లో ట్యూబులైటు మార్చాలంటేనే పక్కింటోళ్లను పిలుస్తాడు."

"నేను అట్లా అనలేదు మాబున్నీ."

"అనలేదు గానీ, గమ్మున ఉండారు గదా. సోమవారం పేరు కొట్టేస్తారంట. పొద్దున్నే లేసి యూనిఫారం ఇస్త్రీ చేసుకోని, తొడుక్కోని, ఇంటిముందర గోడ మీద కూర్చోనుండాడు. పోయేది యాడికీ లేదని తెలుసు. అయినా తొడుక్కోనుండాడు. ఆ మనిషిని అట్లా చూడలేకుండా ఉండా."

"ఆయన లేని రోజుల్లో దీపం బాగుంది. దానికి నేనేం చెప్పాల? నా దగ్గర జవాబు లేదు."

"మీ దగ్గర ల్యాకుంటే ఇంకెవరి దగ్గర ఉంటాది మేడమ్? ఆ దీపం మాదా, మీదా?"

అంటూనే ఆమె వెళ్లిపోయింది. కోపంగా వెళ్లిందని నాగశ్రీ అంటుంది. కోపం కాదు, ఏడుపు వస్తుంటే తొందరగా వెళ్లానని మాబున్ని అంటుంది.

ఆదివారం మబ్బు విడిచింది. దాచిపెట్టుకున్నదంతా ఒక్కసారే కుమ్మరించినట్లు ఎండ కాసింది. నాగశ్రీ మధ్యాహ్నం స్కూటరు తీసుకుని జమ్మలమడుగు దారిలో కొంతదూరం పోయి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి, ఊళ్లోకి వచ్చే మామూలు మనిషిలా కూడలి వైపు బయలుదేరింది. అంతవరకు ఆ కూడలిని నడిమధ్యాహ్నం ఆమె ఎన్నడూ రోడ్డు మీద నుంచి చూడలేదు. ఆఫీసులో, కంప్యూటరు మీద, అంకెలుగా చూసింది.

రోడ్డు మీద ఎండమావులు పారుతున్నాయి. ముందు పోయే ఆటో నీళ్లలో సగం మునిగి తేలుతున్నట్లుంది. బండరాళ్ల నుంచి, తారు నుంచి, గోడల నుంచి వేడి లేచి, ఊరు మొత్తం సన్నని గుడ్డ మీద వేసిన బొమ్మలా అల్లాడుతోంది. దూరంగా ఎర్రదీపం. అది ఒకటా, రెండా తెలియడం లేదు. నీళ్ల అడుగున వెలిగినట్లుంది. చేతులు తమంత తాము బండిని పక్కకు తిప్పాయి. కళ్ల మీద చల్లని చీకటి పడింది. ఎవరో ఆమె చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చారు. ఉప్పు, కరివేపాకు, అల్లం. సగం తాగాక గానీ తాను ఎక్కడ ఆగిందో ఆమెకు తెలియలేదు.

అది సుభాషిణి పెట్టిన చలివేంద్రం. సుభాషిణిది ఆ దారిలోనే బట్టల అంగడి. మామగారు కొండయ్య పేరు మీద ప్రతి వేసవిలోనూ ఆమె అంగడి ముందు పెద్ద తాటాకు పందిరి వేయించి, దారినపోయేవారికి నీళ్లు, మజ్జిగ పోయిస్తుంది. ఈ ఊరి వర్తకుల ఇళ్లలో అది పాత అలవాటు.

"ఏందమ్మా పద్మనాభయ్య పాపా, నీ దీపానికి నువ్వు గూడా నిలబడినావే!" అంది సుభాషిణి. "నువ్వొస్తే అదే పచ్చబడాల గదా, ఇంటి మనిషివి."

"ఎర్ర పడిందక్కా."

"పడితే పడనీలే. ఇంగో గ్లాసు తాగు. హుమాయున్ ఉన్నెప్పుడైతే అరిచి అరిచి పంపిచ్చేటోడు ఈడికి. 'ఎండలో అప్పడం మాదిరి కాలతాండావేందప్పా, పందిట్లోకి పో, పచ్చ వచ్చినాంక పిలుస్తా' అని. పాపం, మంచి మనిషి. ఇప్పుడు పిలిచేటోడు లేడు, వాళ్లే వస్తాండారు."

నాగశ్రీ చుట్టూ చూసింది. పందిరి నిండా బండ్లు. పెళ్లికి పోతున్న కుటుంబం, గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకున్న ముసలాయన, ఇద్దరు బంగారం పని కుర్రాళ్లు, దువ్వూరు నుంచి వచ్చిన పసుపు మూటల ఆటో. ఎవరికీ తొందర లేదు. పందిరి అంచు దాటాక, అక్కడి నుంచి తెల్ల గీత వరకు, రోడ్డు ఖాళీగా ఉంది. తెల్లగా, మెరుస్తూ, ఒక్క ప్రాణి లేకుండా. స్తంభం మీది కెమెరా ఆ ఖాళీనే చూస్తోంది. అంతవరకే చూడమని దానికి చెప్పినది తానే.

దీపం అబద్ధం చెప్పడం లేదు. అది చూస్తున్న చోట నిజంగానే ఎవరూ లేరు. తానూ లేదు. తన దీపానికి తాను కనపడడం లేదన్న సంగతి ఆ చల్లని నీడలో, ఎండలో అల్లాడుతున్న ఊరి నడుమ, భయంగా కాక విచిత్రమైన హాయిగా తోచిందట. ఒక్క క్షణం తాను కథలోని మాయా వస్త్రం కప్పుకున్న మనిషినని అనిపించిందట. ఆ తరువాత గోడ మీద యూనిఫారంతో కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు.

అంతలో వెనుక నుంచి బస్సు వచ్చింది. అది నీడకు ఆగలేదు. సూటిగా తెల్ల గీత దాకా పోయి నిలబడింది. కెమెరా ఒక బస్సును చూసింది. దీపం ఒక బస్సుకు తగినంత పచ్చ ఇచ్చింది. పందిట్లో ఉన్నవారంతా ఒక్కసారిగా బండ్లు తీశారు. నాగశ్రీ కూడా గ్లాసు పెట్టేసి వాళ్లతో పాటే కదిలింది. కూడలి మధ్యకు వచ్చేసరికి ఎర్ర పడింది. అన్ని వైపుల నుంచీ హారన్లు.

"ఓ మేడమ్! దీపం పెట్టినామెవు నువ్వే ఎర్రలో పోతాంటే మాకేంది చెప్పేది?" అని పక్కదారిలోంచి ఒక లారీ డ్రైవరు అరిచాడు. అందరూ నవ్వారు.

ఆమె అవతలికి చేరి, అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకు పోయింది. కనపడినదాన్నే నమ్మడం వల్ల ఒకసారి ఏమైందో చూసింది కాబట్టి ఈసారి పాత రోజుల లెక్కలు తీసి సరిచూసుకుంది. హుమాయున్ డ్యూటీలో ఉండగా, అతన్ని పంపించకముందే, ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆ మధ్యాహ్నం దీపం బాగా పనిచేసింది. అతను ఇంట్లో ఉన్న ఈ ఆదివారం ఎండ కాసింది, దీపం చెడింది. మనిషి ఉన్నా లేకపోయినా తేడా లేదు. ఎండ ఉంటేనే తేడా. ఇంతకంటే గట్టి రుజువు నేను కూడా అడగను.

సోమవారం హోంగార్డుల పని చూసే అధికారి గదిలో శరత్ చంద్ర, నాగశ్రీ కూర్చున్నారు. హుమాయున్ బయట నిలబడి ఉన్నాడు. ఆమె అంతా చెప్పింది. అధికారి శ్రద్ధగానే విన్నాడు.

"అయితే ఆ పందిరి పీకించేస్తే సరి," అన్నాడు శరత్ చంద్ర.

"పందిరి తీస్తే గోడ నీడకు పోతారు. గోడ లేకుంటే ఆగిన లారీ నీడకు పోతారు," అంది నాగశ్రీ. "ఎండలో మనిషి నీడకు పోవడం తప్పెట్లా అవుతాది? ఈ ఊళ్లో పుట్టి, నేను అది మర్చిపోవడం తప్పు."

"ఆలోచించుకొని మాట్లాడమ్మా," అన్నాడు అధికారి. "జమ్మలమడుగులోనూ, పులివెందులలోనూ ఈ దీపాలు పెట్టే పని నీకే ఇద్దామనుకుంటున్నారు. అమరికలోనే లోపముందని నువ్వే చెబితే ఆ పని నీకు రాదు. ఏదో సాంకేతిక కారణమని రాద్దాం. హోంగార్డును వేరేచోటికి వేద్దాం. ఎవరికీ నష్టం లేదు."

"వేరేచోటికి వేస్తే ఆయన చేసినాడనే అనుకుంటారు సార్. ఆ కూడలికే పంపించండి."

ఆమె బతిమాలుతున్నట్లు అడిగిందని శరత్ చంద్ర అంటాడు. లేదు, కఠినంగా చెప్పిందని అధికారి అంటాడు. దీన్ని కూడా నేను తేల్చలేకపోయాను. కెమెరా చూపును తెల్ల గీత దగ్గరే ఆపినది తానని, హుమాయున్ దీపాన్ని తాకలేదని ఆమె అక్కడే రాసి సంతకం చేసినదానికి మాత్రం ఇద్దరూ సాక్షులు.

హుమాయున్‌ను లోపలికి పిలిచి, ఆ మధ్యాహ్నమే డ్యూటీకి పొమ్మన్నారు. అతను సెల్యూటు చేసి, వరండాలో నాగశ్రీ కోసం ఆగాడు.

"అయితే మేడమ్, జనాన్ని నేను ఇంక నీడకు పిలవగూడదా?"

"పిలువన్నా. దీపమే నీడ దాకా వస్తాదిలే."

కెమెరా చూపును ఆమె పందిరి అవతలి అంచు వరకు జరిపింది. మొదటివారంలోనే కొత్త చిక్కు వచ్చింది. మజ్జిగ తాగడానికి మాత్రమే ఆగినవారిని కూడా దీపం లెక్కపెట్టి, దయగా పచ్చ ఇచ్చేది. ఎవరూ కదిలేవారు కారు. ఖాళీ రోడ్డు మీద పచ్చదీపం తీరిగ్గా వెలుగుతూ ఉండేది. పక్కదారిలో ఆగినవారికి ఒళ్లు మండేది.

"ఈ పచ్చ ఎవరికి మామా?" అని అరిచేవారు.

"కొండయ్య మజ్జిగకు!" అని పందిట్లోంచి జవాబు.

నిలబెట్టి స్టాండు వేసిన బండిని వదిలేసి లెక్కించమని నాగశ్రీ దానికి నేర్పింది. కొంత నయమైంది. వానలు పడి పందిరి విప్పాక చూపును మళ్లీ వెనక్కి తీసింది. ఇప్పటికీ ప్రతి వేసవిలో ఎవరో ఒకరు దాన్ని చేత్తో సరిచేయవలసిందే. అంతటి నేర్పు ఆ యంత్రానికి తనంత తానుగా రాలేదు. జమ్మలమడుగు, పులివెందుల పనులు వేరేవారికి వెళ్లాయి. నాగశ్రీ ఆ మూడు కూడళ్ల బాగోగులు చూసుకుంటోంది.

ఇక నా నిర్ణయం. నాగశ్రీ ఈ పద్ధతిని కనిపెట్టలేదు. ఏ అంగడివారికీ మేలు చేయలేదు. మరొకరి తప్పును తన మీద వేసుకోలేదు, తప్పు ఆమెదే. కెమెరా ఎక్కడ చూడాలో తప్పుగా నిర్ణయించింది. ఆ తప్పు వల్ల ఒక నిరపరాధి మీద అనుమానం పడితే కొన్ని రోజులు మౌనంగా ఉంది. ఆ తరువాత ఎండలో స్వయంగా పోయి కారణం తెలుసుకుంది, దాన్ని సరిచూసుకుంది, రావలసిన పని పోతుందని తెలిసీ తన పేరుతో చెప్పింది. హుమాయున్ ఉద్యోగం నిలిచింది. ఆ దారిలో మధ్యాహ్నపు తోపులాట తగ్గింది. పూర్తిగా పోలేదు.